మెడ మీద పాత కుట్ల దగ్గర కురుపు: కోయించవచ్చా?

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. మాది చిత్తూరుకు దగ్గర్లో ఒక పల్లె. మామిడి తోట ఉంది. మా నాయనకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. రెండున్నరేళ్ల కిందట ఒక పొద్దున కాఫీ తాగుతా ఉంటే ఎడమ చెయ్యి పట్టు తప్పి గ్లాసు జారిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో మామూలైపోయాడు. స్కాన్ తీస్తే మెడలో కుడిపక్క రక్తనాళం 80 శాతం మూసుకుపోయిందన్నారు. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాము. అప్పటి నుంచి బాగానే ఉన్నాడు.

ఇప్పుడు మూడు నెలలుగా ఆ కుట్ల మచ్చ కింది కొసన శెనగ గింజంత కురుపు లేస్తోంది. పగిలి కొంచెం పలచటి చీము వస్తుంది, వారంలో ఎండిపోతుంది, మళ్లీ లేస్తుంది. మా ఊరి ఆర్‌ఎంపీ రెండుసార్లు మాత్రలు ఇచ్చాడు. వాడినన్నాళ్లు తగ్గుతుంది, అంతే. జ్వరం లేదు, నొప్పి లేదు, సంగటి బాగా తింటున్నాడు. పోయిన వారం మాత్రం తువ్వాలుకు లేత ఎరుపు చార అంటింది.

ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేస్తే కౌంటర్లో ఎవరో "రెండున్నరేళ్లయింది కదమ్మా, దీనికీ దానికీ సంబంధం ఉండదు, స్కిన్ డాక్టరుకు చూపించండి" అన్నారు. మా మామ చిత్తూరులో కోయించేద్దాం అంటున్నాడు. మా పెద్దమ్మ ఆకు పసరు కడితే లోపలి చీమంతా లాగేస్తుంది అంటోంది. వచ్చే నెల నడిచి కొండెక్కి గుండు చేయించుకునే మొక్కు ఉంది. రక్తం పలచబడే మాత్రలు ఆపేయాలా? అసలు ఆ ఆపరేషన్ చేయించి తప్పు చేశామా?

ఒక కూతురు, చిత్తూరు జిల్లా

సమాధానం:

అమ్మా, జవాబు పెద్దదే అవుతుంది. అంతా చదివే తీరిక లేకపోతే ఈ నాలుగు మాటలు చూసుకుని మిగతాది బస్సులో చదువుకోండి. ఆ కురుపును ఎవరూ కోయకూడదు, పిండకూడదు, సూది గుచ్చకూడదు. దాన్ని రక్తనాళాల సర్జన్ చూడాలి. ఈ వారంలో అని రాయబోయాను. తువ్వాలు మీద ఎరుపు కనబడిందన్నారు కాబట్టి రేపే బయలుదేరండి.

మీ ఉత్తరంలో రెండు ముక్కల దగ్గర ఆగిపోయాను. ఒకటి, కురుపు లేచిన చోటు. రెండోది, మాత్రలు వాడినన్నాళ్లు తగ్గి ఆపగానే మళ్లీ రావడం. మామూలు సెగ్గడ్డ ఇట్లా చేయదు. ఎర్రగా వాచి, సలపరం పెట్టి, పగిలి, చీమంతా పోయాక మాని ఊరుకుంటుంది. మళ్లీ లేచినా ఇంకో చోట లేస్తుంది. పాత కుట్ల మచ్చ మీద, అదే చోట, మూడు నెలలుగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉందంటే దాని మూలం చర్మం కన్నా లోతున ఉందేమోనని అనుమానించాలి.

ఆ లోతున ఏముందో చెబుతాను. మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమనులు మెడకు రెండు పక్కలా ఉంటాయి. మన వాళ్లు 'మెడ నరం' అంటారు గానీ అది రక్తం పారే గొట్టం. దవడ కిందికి వచ్చేసరికి అది రెండు పాయలవుతుంది, ఒకటి మెదడుకు, ఒకటి ముఖానికి. ఆ పంగ దగ్గరే ఏళ్ల తరబడి కొవ్వు, సున్నం పేరుకుని గార కడుతుంది. గారలోంచి చిన్న పెళ్ల ఊడి మెదడు వైపు కొట్టుకుపోతే చేతిలో గ్లాసు జారుతుంది. మెదడు కుడి సగం ఎడమ చేతిని నడుపుతుంది కాబట్టి, కుడి ధమని పాడైతే ఎడమ చెయ్యి పట్టు తప్పడం లెక్కకు సరిపోతుంది.

ఆపరేషన్‌లో ధమనిని నిలువునా కోసి ఆ గారను ఒలిచి తీసేస్తారు. తర్వాత కోసిన అంచులు రెండూ దగ్గరికి లాగి కుట్టేస్తే గొట్టం ఇరుకైపోతుంది. బిగుతైన జాకెట్టు చేతికి టైలరు పక్కన పీసు వేసి వదులు చేస్తాడు కదా, ఇక్కడా అదే పని. కోతలో ఆకు ఆకారంలో ఒక చిన్న ముక్క పెట్టి చుట్టూ సన్నని దారంతో కుట్టేస్తారు. దాన్నే ప్యాచ్ అంటారు. కొందరికి సొంత కాలి సిరలోంచి ముక్క తీసి వేస్తారు. కొందరికి డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ, లేదా పీటీఎఫ్‌ఈ అనే ఒక రకం ప్లాస్టిక్, లేదా శుద్ధి చేసిన పశువు గుండె పైపొర వాడతారు. అసలు ప్యాచ్ లేకుండా చేసే పద్ధతీ ఉంది. మీ నాయనకు ఏం చేశారో డిశ్చార్జి సమ్మరీలోనో ఆపరేషన్ నోట్స్‌లోనో ఉంటుంది. 'బోవైన్ పెరికార్డియం' అని రాసి ఉంటే అది పశువు గుండె పొర. ఆ మాటకు అర్థం ఆయనకు విడమరిచి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి. ఒక పెద్దాయన అది తెలిసి రెండు రోజులు అన్నం ముట్టకపోవడం చూశాను, అందుకే ముందుగా మీ చెవిన వేస్తున్నాను.

ఇట్లాంటి ప్యాచ్‌కి చీము పట్టడం అరుదు. వచ్చిన లెక్కల్లో ఎక్కువ భాగం వందకు ఒకరి లోపే. అందుకే చాలామంది డాక్టర్లు ఒక్క కేసు కూడా చూడకుండా రిటైరవుతారు. పట్టితే రెండు విధాలుగా బయటపడుతుంది. కొందరికి ఆపరేషన్ అయిన ఒకటి రెండు నెలల్లోనే గాయం ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. దీన్ని ఎవరూ పొరబడరు. అప్పుడు ఎక్కువగా దొరికే క్రిమి స్టాఫిలోకోకస్ ఆరియస్, దూకుడు మనిషి లాంటిది. ఇంకొందరికి ఆరు నెలలు దాటాక, ఏడాదికో రెండేళ్లకో, ఇంకా ఆలస్యంగానో మొదలవుతుంది. వీళ్లలో తరచుగా దొరికేది స్టాఫిలోకోకస్ ఎపిడెర్మిడిస్. ఇది మీ చర్మం మీదా నా చర్మం మీదా ఎప్పుడూ కాపురముంటుంది, అక్కడ ఉన్నంతకాలం ఎవరి జోలికీ పోదు. ఎంత కడిగి, ఎంత మందు రాసి ఆపరేషన్ చేసినా ఆ రోజు నాలుగు క్రిములు లోపలికి చేరి ఆ గుడ్డ మీద కూర్చున్నాయంటే, తొందర లేకుండా ఏళ్ల తరబడి కాచుకుంటాయి. కాబట్టి 'రెండున్నరేళ్లయింది, సంబంధం ఉండదు' అన్న మాట తప్పు.

మాత్రలకు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు వస్తోందంటే, మీ తోటలో డ్రిప్పు ఉంటే అది చూసి చెప్పుకోవచ్చు. మూడేళ్లు వాడిన లేటరల్ పైపు ఒకటి కోసి లోపల వేలు పెట్టండి. జారుడుగా పాచి తగులుతుంది. రోజూ అన్ని నీళ్లు పారినా అది పోలేదు. క్లోరిన్ ఎక్కిస్తే పైపైన కడుక్కుపోయి నాలుగు వారాలు బాగా చుక్క పడుతుంది, మళ్లీ మూసుకుంటుంది. ప్యాచ్ మీద ఈ క్రిములు కట్టుకునేది అట్లాంటి జిగురు పొరే, బయోఫిల్మ్ అంటారు. యాంటీబయాటిక్ పొర బయట తిరిగే వాటిని చంపుతుంది, చీము తగ్గుతుంది, కురుపు ఎండుతుంది. పొర లోపలివి పడుకుని ఉండి మందు ఆగగానే లేస్తాయి. ఈ తరహా చీములో చాలాసార్లు జ్వరం రాదు, రక్తపరీక్షలో తెల్లకణాలు కూడా పెరగకపోవచ్చు. సంగటి తింటున్నాడు కదా అని ధైర్యపడే వీలు లేదు.

లోపలి చీము దారి చేసుకుని చర్మం దాకా వస్తే మీరు చూస్తున్న కురుపు అవుతుంది. ఇంకొందరిలో అది వేరే దారి పడుతుంది, నన్ను భయపెట్టేది అదే. ప్యాచ్ కుట్లు పట్టుకున్న ధమని గోడను క్రిమి కొద్దికొద్దిగా తినేస్తుంది. కుట్టు వదులై, రక్తం బయటికి తోసుకొచ్చి పక్కన సంచిలా ఉబ్బుతుంది. సూడోఅన్యూరిజం అంటారు. చూడడానికి గడ్డే. వేలు ఆనిస్తే గుండెతో పాటు కొట్టుకుంటుంది.

నేను సర్జరీలో చేరి రెండేళ్లయినప్పటి ఒక రాత్రి ఇది. ఒక ముసలాయన మెడ పక్క నిమ్మకాయంత వాపుతో వచ్చాడు. మన వైపు మెడలో గడ్డ అంటే ముందు గుర్తొచ్చేది గండమాల, అంటే టీబీ. సూది గుచ్చి కొంచెం లాగి పరీక్షకు పంపుదామని సిరంజి తీశాను. ఆయన కండువా పక్కకు జరిపి స్పిరిట్ రాస్తున్న సిస్టరమ్మ చెయ్యి ఆపి, "సార్, ఒకసారి ఇక్కడ వేలు పెట్టండి" అంది. పెట్టాను. నా వేలిని పైకెత్తి దించుతోంది. లైటు పక్కకు తిప్పి చూస్తే పాత కుట్ల గీత, మెడ ముడతల్లో కలిసిపోయి ఉంది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సిరంజి మళ్లీ ట్రేలో పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. ఆమె రిటైరయి చాలా కాలమైంది. ఆ మధ్య తిరుపతి బస్టాండులో కనబడితే ముందు నేనే దండం పెట్టాను.

మీరు నొక్కి చూడకండి. ఆయన్ని కూర్చోబెట్టి, టార్చి పక్క నుంచి వేసి, కురుపు చుట్టూ చర్మం నాడితో పాటు ఎగిరెగిరి పడుతోందా చూడండి, ఎడమ పక్కతో పోల్చండి. తేడా కనబడితే, లేదా కురుపు కింద వాపు ఏ మాత్రం పెరిగినా, రేపటి దాకా ఆగకండి, ఈ రాత్రే వెళ్లండి. ఏమీ కనబడకపోయినా రేపటి ప్రయాణం మాత్రం రద్దు చేయకండి.

ఇంత రాశాను కదా అని ప్యాచ్‌కే చీము పట్టిందని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకండి. చర్మం కింద కరగని కుట్టు దారం ముడి ఒకటి మిగిలినా ఇట్లాగే కారుతుంది. పుచ్చిన దవడ పన్ను చీము చర్మంలోకి దారి తీయడం ఉంది. టీబీ గడ్డ ఉంది. ఉత్త కొవ్వు తిత్తి కూడా కావచ్చు. వీటిలో ఏదైనా అయితే మీకంటే నేనే ఎక్కువ సంతోషిస్తాను. కానీ వరస తప్పకూడదు. ముందు ప్యాచ్ సంగతి స్కాన్‌లో తేలాలి, ఆ తర్వాతే మిగతావి వెతకాలి.

మీ మామ చెప్పింది తొడ మీద గడ్డకైతే మంచి సలహానే. ఇక్కడ మాత్రం కత్తి మొన కొంచెం లోతుకు దిగితే తగిలేది కుట్టు ఊడడానికి సిద్ధంగా ఉన్న ధమని కావచ్చు. చిన్న క్లినిక్‌లో అది తెగితే ఆపడానికి అక్కడ సరంజామా ఉండదు, రక్తం ఉండదు, మనిషీ ఉండడు.

పెద్దమ్మ పసరు సంగతి. పుత్తూరు కట్టు పుణ్యమా అని మన వైపు పసరుకు ఒక మర్యాద ఉంది. చెయ్యి విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, నేను వెక్కిరించను. అది ఎముకల సంగతి. తెరుచుకున్న రంధ్రం మీద నూరిన ఆకు పెడితే ఆకుతో పాటు రోటిలోని మురికీ లోపలికి పోతుంది. పైగా కట్టు కింద రక్తం కారుతున్నా ఎవరికీ కనబడదు. శుభ్రమైన పొడి గాజుగుడ్డ వదులుగా పెట్టి ప్లాస్టరు అంటించండి, చాలు. మెడ చుట్టూ కట్టు చుట్టకండి. పెద్దమ్మ నొచ్చుకుంటే నా పేరు చెప్పండి.

ఫోన్‌లో వచ్చిన జవాబుకు కోపం తెచ్చుకుని ఆ ఆసుపత్రిని వదిలేయకండి. కౌంటర్లో ఫోన్ ఎత్తినవాళ్లు సర్జన్ కాదు. మీ నాయన మెడలో ఏం కుట్టారో రాసిపెట్టిన కాగితం అక్కడే ఉంది. "కరోటిడ్ ప్యాచ్ వేసిన మచ్చ మీద మూడు నెలలుగా చీము కారుతోంది, ఒకసారి రక్తం కనబడింది" అని ఒకే వాక్యం రాసి, కురుపు ఫోటో జతచేసి, ఆపరేషన్ చేసిన డాక్టరుకే చేరేలా పంపండి. ఆ వాక్యం చదివిన రక్తనాళాల సర్జన్ ఎవరూ స్కిన్ డాక్టరు దగ్గరికి పొమ్మనరు. ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా అడగండి.

ఆ జవాబు వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. చిత్తూరు నుంచి వేలూరు గంట దారి, తిరుపతికి రెండు గంటలు చాలు. వేలూరు సీఎంసీలో రక్తనాళాల సర్జరీకి విడిగా విభాగం ఉంది. తిరుపతి స్విమ్స్‌లో గుండె, రక్తనాళాల సర్జన్లూ నరాల డాక్టర్లూ ఒకే ప్రాంగణంలో దొరుకుతారు. తిరుపతి వస్తే కార్డు పట్టుకొచ్చి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ముందే విచారించుకోండి, ఖర్చు సంగతి తర్వాత తలనొప్పి కాకుండా ఉంటుంది.

ఓపీలో మొదట అడిగేది బహుశా ఇది: ఆపరేషన్ అయిన రోజుల్లో మెడలో రక్తం గడ్డకట్టి వాచిందా, మళ్లీ తెరవాల్సి వచ్చిందా, గాయం మానడానికి ఆలస్యమైందా? ఇంట్లో అందరూ కూర్చుని గుర్తుచేసుకోండి. ఆడవాళ్లకే బాగా గుర్తుంటుంది ఇట్లాంటివి, డ్రెస్సింగు మార్చింది వాళ్లే కాబట్టి.

తర్వాత డాప్లర్ స్కాన్ చేస్తారు. జెల్లు రాసి చేసే అల్ట్రాసౌండే, నొప్పి ఉండదు. ప్యాచ్ చుట్టూ నీరు చేరిందా, ప్యాచ్ ముడతలు పడిందా, గోడ ఉబ్బిందా అని చూస్తారు. దాని వెనకే సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలు కనబడేలా తీసే సీటీ స్కాన్. చేతి సిరలోకి మందు ఎక్కించి తీస్తారు కాబట్టి షుగర్ మనిషికి ముందు క్రియాటినిన్ అనే కిడ్నీల పరీక్ష చూస్తారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే ఆ మాట మీరే ముందు చెప్పండి. ఈ రెండింటిలో తేలకపోతే పెట్ స్కాన్ అనవచ్చు.

చీమును కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిమిని మొలిపించి చూసే పరీక్షకు పంపుతారు. ఇక్కడ మీ చేతిలో ఉన్న పని ఒకటుంది: మూడో కోర్సు మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. సగం మందు తిన్న క్రిమి ల్యాబులో మొలవదు, ఏ మందుకు లొంగుతుందో తెలియకుండా పోతుంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన పాత మాత్రల అట్టలు దొరికితే అవి మాత్రం తీసుకెళ్లండి. చలిజ్వరం వస్తే మాట వేరు, అప్పుడు ఓపీ చీటీ కోసం నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి.

ప్యాచ్‌కే పట్టిందని తేలితే, దాచకుండా చెబుతాను, మామూలుగా ఉత్త మాత్రలతో వదిలే జబ్బు కాదిది. పాచి పట్టిన పైపును మార్చాల్సిందే. మెడ మళ్లీ తెరిచి, ఆ ప్యాచ్‌నూ చుట్టూ పాడైన భాగాన్నీ తీసేసి, చాలాసార్లు తొడలోంచి తీసిన సొంత సిరతో ధమనిని బాగుచేస్తారు. క్రిములు ఉన్న చోట సొంత సిర తట్టుకున్నట్టు బయటి గుడ్డ తట్టుకోదు. కొన్నిసార్లు పక్కనున్న మెడ కండలోంచి ఒక పాయ తిప్పి ధమని మీద దుప్పటిలా కప్పుతారు. తర్వాత వారాల పాటు యాంటీబయాటిక్, తరచుగా ఆరు వారాలు.

ఒకసారి తెరిచిన మెడలో అంతా ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటుంది, అందుకని రెండోసారి కష్టం. పక్షవాతం వచ్చే ప్రమాదమూ, నాలుకను, గొంతును కదిలించే నరాలు దెబ్బతినే ప్రమాదమూ మొదటిసారి కంటే ఎక్కువ. సర్జన్ ఇవన్నీ చెప్పి సంతకం అడిగినప్పుడు భయపడి లేచి వచ్చేయకండి. చీము పట్టిన ప్యాచ్‌ను అట్లాగే వదిలేస్తే ఏదో ఒక రోజు చిట్లే ప్రమాదం ఉంది, దానితో తూచి చూడండి. "ఇట్లాంటివి మీరు ఎన్ని చేశారు సార్?" అని అడగడం మీ హక్కు. మంచి సర్జన్ దానికి నొచ్చుకోడు. గుండె బాగాలేక ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లను దీర్ఘకాలం యాంటీబయాటిక్‌తో నెట్టుకొస్తారు. రక్తం చిమ్మే అత్యవసరంలో ధమని లోపలి నుంచి కవర్డ్ స్టెంట్ అనే గొట్టం వేసి ప్రాణం నిలబెట్టే దారి కూడా ఉంది. కాకపోతే చీములో మళ్లీ బయటి వస్తువు పెట్టినట్టే కాబట్టి దాన్ని ఎక్కువగా తాత్కాలిక ఏర్పాటుగానే చూస్తారు.

ఇప్పుడు రాసేది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. పెద్ద రక్తస్రావానికి ముందు కొందరిలో చిన్న చార వచ్చి ఆగుతుంది. ఒకవేళ కారడం మొదలైతే ఆయన్ని పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డ మడిచి, సరిగ్గా కారే చోటనే రెండు మూడు వేళ్లతో గట్టిగా అదిమి పట్టండి. ఆగిందా అని తీసి తీసి చూడకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టండి. మెడ చుట్టూ తువ్వాలు బిగించకండి, ఊపిరి ఆడదు. రెండో పక్క మెడ నొక్కకండి, మెదడుకు రక్తం అందాల్సింది అటు నుంచే. పసుపు వద్దు, కాఫీపొడి వద్దు. పక్కవాళ్లు 108కి ఫోన్ చేస్తారు, అదిమిన మనిషి చెయ్యి తీయకుండా అంబులెన్సు ఎక్కాలి. మూతి వంకర పోయినా, చెయ్యి కాలు పడిపోయినా, మాట తడబడినా అంతే, పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే 108కే.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఆస్పిరిన్ కానీ క్లోపిడోగ్రెల్ కానీ పక్షవాతం మళ్లీ రాకుండా కాపలా ఉన్నవి. ఆపరేషన్ చేయాల్సి వస్తే ఏది ఆపాలో ఏది నడపాలో వాళ్లు చెబుతారు. కొలెస్ట్రాల్ మాత్ర, షుగర్ మాత్రలు మామూలుగా నడవనివ్వండి. షుగర్ అదుపులో లేకపోతే ఏ చీమూ మానదు. మామిడి కాలంలో మీ తోట పక్క నుంచి పోతే ఎవరి షుగర్ అదుపులో ఉంటుంది అనకండి, నాకు తెలుసు.

మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, చంద్రగిరి వైపు శ్రీవారి మెట్టు దారిలో అంతకంటే తక్కువ. ఏ దారైనా ఇప్పుడు వద్దు. మోకాళ్ల పర్వతం దగ్గర కురుపులోంచి రక్తం వస్తే కిందికి దించేలోపు ఎంత సమయం పోతుందో ఆలోచించండి. గుండు కూడా ఆగాలి. కల్యాణకట్టలో తల వంచి, మెడ వెనకా చెవుల కిందా బ్లేడు నడుస్తుంటే తెరిచి ఉన్న కురుపు మీదుగా నీళ్లూ వెంట్రుకలూ జారతాయి. తలనీలాలు మరీ మనసులో మెదులుతుంటే కోలుకున్నాక ఇస్తామని ముడుపు కట్టుకోండి. ఆయన వడ్డికాసులవాడు, వడ్డీ వేసుకుంటాడేమో గానీ తొందరపెట్టడు.

ఇక ఆ ఆపరేషన్ చేయించి తప్పు చేశామా అన్న ప్రశ్న. ఇది ఉత్తరం చివర పెట్టారు గానీ మూడు నెలలుగా మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఇదేనని నా అనుమానం. ఉత్తర అమెరికాలో నాసెట్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 1991లో వచ్చాయి. మెడ ధమని 70 శాతానికి పైగా మూసుకుపోయి, మీ నాయనకు వచ్చినట్టు ఒక హెచ్చరిక వచ్చినవాళ్లను రెండు గుంపులు చేశారు. మాత్రలతోనే ఉన్నవాళ్లలో రెండేళ్లలో ఆ పక్క పక్షవాతం వచ్చింది 26 శాతానికి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 9 శాతానికి. అప్పటితో పోలిస్తే ఇప్పటి మాత్రలు మెరుగయ్యాయి, అయినా మీ నాయన లాంటి మనిషికి ఇప్పటికీ ఆపరేషనే చెబుతారు. నేనైనా చెప్పి ఉండేవాణ్ణి. ఈ రెండున్నరేళ్లు ఆయన తోటకు వెళ్లి, తన చేత్తో తాను కాఫీ గ్లాసు పట్టుకున్నాడంటే అందులో ఆ ఆపరేషన్ వాటా ఉంది. వందలో ఒకరికి రాని ఇబ్బంది మీకు వచ్చి ఉంటే అది మీ నిర్ణయం వల్ల రాలేదు.

రేపు సంచిలో డిశ్చార్జి సమ్మరీ, పాత స్కాన్ సీడీలు, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ పెట్టుకోండి. ఆయన కాలర్ లేని చొక్కా వేసుకుంటే మంచిది, కురుపుకు ఒరుసుకోకుండా ఉంటుంది. ఆ తువ్వాలు ఇంకా ఉతకకపోతే ఉతకకండి. కవర్లో చుట్టి పట్టుకెళ్లి, చార ఉన్న చోటు పైకి కనబడేలా మడిచి సర్జన్ ముందు పెట్టండి. ఉతికేసి ఉంటే ఆ చార పొడవు ఎంతో, ఏ రోజు కనబడిందో ఒక చీటీ మీద రాసుకోండి.